పండుగ ముస్తాబు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎంత మెరిస్తే అంత పండుగ కళ.

వాస్తవం: మెరుపు కంటికి ఆనాలంటే పక్కన మెరవని బట్ట ఉండాలి. చమ్కీల టాప్ వేసుకుంటే కిందికి క్రేప్, నూలు, ఊలు లాంటి మెరుపులేని బట్ట ఎంచుకోండి. పైనుంచి కిందిదాకా తళుకులే అయితే చూపు ఎక్కడా నిలవదు.

చమ్కీల బట్ట కొనేముందు లోపల చెయ్యి పెట్టి చంక దగ్గర తడిమి చూడండి. అక్కడ గరుకుగా తగిలితే గంట తిరక్కముందే ఒళ్లు గీసుకుపోతుంది. ఆ చోట మెత్తటి లైనింగ్ ముక్క వేయించుకోండి. ఇంకో సంగతి. చాలా చమ్కీలను గొలుసుకుట్టుతో కుడతారు. వేలాడే దారాన్ని లాగితే వరసంతా ఊడి వచ్చేస్తుంది. సూదితో ఆ దారాన్ని లోపలివైపుకు తీసి, రెండు ముళ్లు వేశాకే కత్తిరించండి.

అపోహ: వెల్వెట్ ముడతలు పడితే ఇస్త్రీ పెట్టె గట్టిగా నొక్కితే పోతాయి.

వాస్తవం: పోయేది ముడత కాదు, వెల్వెట్ అందమే. దాని మీదుండే నూగు నిలువుగా ఉన్నంతసేపే ఆ నిండు రంగు. వేడి పెట్టె నొక్కితే నూగు అణిగిపోయి ఇస్త్రీ పెట్టె ఆకారంలో మెరిసే మచ్చ పడుతుంది. చాలాసార్లు అది మళ్లీ లేవదు. బట్టను తిరగేసి హ్యాంగర్‌కు తగిలించి, లోపలివైపు నుంచి ఆవిరి పట్టండి. తర్వాత మెత్తటి బ్రష్‌తో నూగు వాలు వెంట దువ్వి, పూర్తిగా ఆరేదాకా అలాగే వదిలేయండి. తడి ఉండగా వేసుకుని కూర్చుంటే కూర్చున్న చోటే నలిగిపోతుంది.

కుట్టించుకునేవాళ్లు నూగు వాలు సంగతి దర్జీకి ముందే చెప్పాలి. ముక్కలన్నీ ఒకే వాలులో కత్తిరించాలి. ఒక ముక్క తలకిందులైతే, ఒకే తానులోదైనా, రెండు రంగుల బట్టలు అతికినట్టు కనిపిస్తుంది. వాలు చూసుకుని కత్తిరించాలి కాబట్టి బట్ట కాస్త ఎక్కువే పడుతుంది. అక్కడ పొదుపు చేయొద్దు.

అపోహ: తెల్లబట్ట లోపల తెల్లదే వేసుకోవాలి.

వాస్తవం: పల్చటి తెల్లబట్ట కింద తెల్లటి లోదుస్తులు స్పష్టంగా కనబడతాయి, ఫ్లాష్ పడితే మరీనూ. మీ ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నవి వేసుకోండి.

అపోహ: వదులైతేనేం, తర్వాత ఆల్ట్రేషన్ చేయించుకోవచ్చు.

వాస్తవం: పక్క కుట్లు, పొడవు తేలిగ్గా సరిచేయొచ్చు. భుజం అలా కాదు. కోటైనా జాకెట్టైనా భుజం సరిచేయాలంటే చెయ్యి ఊడదీసి మళ్లీ ఎక్కించాలి, చమ్కీల బట్టకైతే ఇంకా కష్టం. అందుకే ముందు భుజం సరిపోయిందో లేదో చూసుకోండి. భుజం కుట్టు భుజం ఎముక చివర ఆగాలి. తర్వాత చేతులు పైకెత్తి, కుర్చీలో కూర్చుని చూసుకోండి. నిలబడి అద్దంలో చూసుకున్నప్పుడు బయటపడని లోపాలు అప్పుడు బయటపడతాయి.

అపోహ: రెండు నలుపులు ఎప్పుడూ కలుస్తాయి.

వాస్తవం: ఒక నలుపులో నీలం జాడ, ఇంకో నలుపులో ఎరుపు జాడ ఉండొచ్చు. దుకాణం దీపాల కింద ఒకటిగా కనిపించినవి ఎండలో విడిపోతాయి. రెండింటినీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూడండి, పసుపు కాంతి బల్బు కిందా చూడండి. కుదరకపోతే, శాటిన్ పక్కన ఊలు లాగా, బట్టల రకమే మార్చేయండి. అప్పుడు తేడా కావాలనే ఎంచుకున్నట్టు ఉంటుంది.

అపోహ: సెంటు చివర్లో బట్టల మీద చల్లుకోవాలి.

వాస్తవం: సెంటులోని ఆల్కహాల్, నూనెలు పట్టు మీద మచ్చలు చేస్తాయి, లోహపు దారాన్ని నల్లబరుస్తాయి. ముందు ఒంటికి రాసుకుని, అది ఆరాక బట్టలు వేసుకోండి.

అంచు పొడవు గుర్తు పెట్టించుకునే రోజు, ఆ బట్టల మీదికి వేసుకోబోయే చెప్పులే వేసుకుని నిలబడండి. చెప్పు మడమ ఎత్తు ఒక్క అంగుళం మారినా అంచు నేలను ఊడుస్తుంది, లేదా అంచు మరీ పైకి లేచిపోతుంది. ఆ చెప్పులను సాయంత్రం పూట కొనండి, పాదాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి.