నట్లు పట్టాయి కదా, ఇంకేం చూడాలి? ఏడు సీట్ల బండి వీల్స్, టైర్ల మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్-విజయవాడ హైవే పక్కన టైర్ల షాపు, అలైన్‌మెంట్ మెషీన్ పెట్టుకుని బతికేవాణ్ణి. సంక్రాంతికి ముందు, వేసవి సెలవులకు ముందు మా దగ్గరికి ఇన్నోవాలు, ఎర్టిగాలు, కారెన్స్‌లు వరుస కడతాయి. డిక్కీలో నాలుగు అలాయ్ వీల్స్ ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొన్నవో, ఎవరో తీసేస్తే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవో, బావమరిది ఇచ్చినవో. మాట మాత్రం ఒకటే: "అన్నా, పెట్టి చూశాం. ఐదు నట్లూ పట్టాయి. టైర్లు ఎక్కించి బ్యాలెన్సింగ్ చేసివ్వు చాలు."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బీపీ పెరుగుతుంది. పీసీడీ అంటే నట్ల రంధ్రాల మధ్యలోంచి గీసే వలయం అడ్డుకొలత, ఆఫ్‌సెట్ అంటే వీల్ లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందో ఆ కొలత. అంతకుమించి ఇక్కడ మొదటినుంచి చెప్పను. వీల్స్ కొనాలనుకునేవాళ్లకి ఆ మాటలు ఈపాటికే చెవిన పడి ఉంటాయి. ఎక్కడ బోల్తా పడుతున్నారో అది చెప్తాను.

అపోహ: నట్లు పట్టాయంటే వీల్ సరిపోయినట్టే

నట్లు పట్టాయంటే నట్లు పట్టాయనే అర్థం. అంతకుమించి ఏమీ లేదు. పీసీడీ ఒక్కటీ చూసి వీల్ కొనడం, ఎత్తు ఒక్కటీ చూసి సంబంధం ఖాయం చేసుకోవడం లాంటిది.

మన రోడ్ల మీద 5×114.3 పీసీడీ (ఐదు నట్లు, 114.3 మిల్లీమీటర్ల వలయం) చాలా మామూలు. ఇన్నోవా క్రిస్టాకీ అదే, ఎర్టిగాకీ అదే, కారెన్స్‌కీ అదే. అందుకే "దేనిదైనా దేనికైనా పడుతుంది" అనే పుకారు పుట్టింది. (ఫార్చునర్ వీల్స్ ఇన్నోవాకి వేయమని ఇప్పటికీ అడుగుతారు. రెండూ టొయోటాయే, కాదనను. ఫార్చునర్‌కి ఆరు నట్లు, పీసీడీ 139.7. మీ బండివి ఒకసారి లెక్కపెట్టుకోండి.)

పీసీడీ కలిశాక చూడాల్సింది సెంటర్ బోర్, అంటే మధ్యలో హబ్ (చక్రం బిగించే బండివైపు భాగం) మీద కూర్చునే రంధ్రం. టొయోటా, మారుతి ఐదు నట్ల బండ్లకి సాధారణంగా 60.1 మిల్లీమీటర్లు. హ్యుందాయ్, కియాలకి 67.1. కియా వీల్‌ని ఇన్నోవాకి పెడితే హాయిగా లోపలికి వెళ్లిపోతుంది, కానీ చుట్టూ మూడున్నర మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. వీల్ హబ్ మీద కూర్చోదు, నట్ల మీదే ఆగి ఉంటుంది. స్పీడు ఎనభై దాటగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. ఆ వణుకు పోవడానికి మూడు నాలుగు షాపుల్లో బ్యాలెన్సింగ్ చేయించుకుని, చివరికి విసిగిపోయి మా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు. మెషీన్ మీద కోన్ పెట్టి బిగిస్తాం కాబట్టి వీల్ సరిగ్గా మధ్యలోనే తిరుగుతుంది, సున్నా చూపిస్తుంది. బండికి బిగించేటప్పుడు వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. తప్పు మెషీన్‌ది కాదు, బ్యాలెన్సింగ్ చేసిన కుర్రాడిదీ కాదు. ఆ ఖాళీని నింపే సరైన కొలత హబ్ రింగులు నాలుగు వేస్తే పోయే జబ్బు అది, వాటికి పెద్ద ఖర్చు కూడా ఉండదు. అదే ఇన్నోవా వీల్ కియాకి పెడదామంటే అసలు ఎక్కదు. అప్పుడు లేత్ దగ్గరికి తీసుకెళ్లి బోర్ పెంచిస్తామంటారు. దయచేసి వద్దు.

వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఆఫ్‌సెట్. రిమ్ వెనక ఈటీ అని అంకె ఉంటుంది, అదే మిల్లీమీటర్లలో ఆఫ్‌సెట్. ఒక లెక్క చూడండి. బండితో వచ్చిన రిమ్ వెడల్పు ఆరున్నర అంగుళాలు, ఈటీ 45 అనుకుందాం. మీరు తెచ్చింది ఏడున్నర అంగుళాలు, ఈటీ 35. ఒక అంగుళం పెరిగింది కాబట్టి అటు 12.7, ఇటు 12.7 మిల్లీమీటర్లు. ఈటీ పది తగ్గింది కాబట్టి మొత్తం వీల్ పది మిల్లీమీటర్లు బయటికి జరిగింది. రెండూ కలిపితే వీల్ అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. ఆ బరువంతా హబ్ బేరింగ్ మీద దూరం నుంచి పడుతుంది. గతుకుల్లో స్టీరింగ్ లాగేస్తుంది. కొన్నాళ్లకి బేరింగ్ హుమ్మని మూలుగుతుంది.

ఇంతా చేసి షాపులో ఏ తేడా కనపడదు, ఎందుకంటే షాపులో బండి ఖాళీగా ఉంటుంది. ఈ పోస్టు రాయడానికి కారణమే అది. ఏడు సీట్ల బండిని ఖాళీగా నిలబెట్టి వీల్ సరిపోయిందో లేదో తేల్చేస్తే ఎలా? మీరు దాన్ని కొన్నదే నింపుకుని తిరగడానికి కదా!

మా దగ్గర్లో ఒక మాస్టారి కుటుంబం ఉంది. క్రిస్టాకి ఎక్కడో వెడల్పు అలాయ్‌లు వేయించుకున్నారు. "మడ్‌గార్డ్‌కీ టైర్‌కీ మధ్య రెండు వేళ్లు దూరుతున్నాయి, ఏం కాదు సార్" అని అక్కడివాళ్లు వేళ్లు పెట్టి మరీ చూపించారట. నెలలు గడిచినా ఏమీ కాలేదు, ఎందుకంటే ఆయన ఒక్కడే స్కూలుకి వెళ్లొస్తున్నాడు. తర్వాత ఇంట్లో ఏడుగురూ పైన క్యారియర్ నిండా సామాను వేసుకుని తిరుమల వెళ్లారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి ఒరిగినప్పుడల్లా వెనక నుంచి గర్రుమని చప్పుడు. తిరిగొచ్చాక జాకీ ఎత్తి చూస్తే రెండు వెనక టైర్ల బయటి భుజం మీద వేలెడంత వెడల్పున నున్నగా, మెరుస్తూ గాడి పడి ఉంది. మడ్‌గార్డ్ లోపలి అంచుకి పెయింట్ పోయి రబ్బరు నల్లగా అంటుకుంది. ఇంకో ట్రిప్పు వెళ్లి ఉంటే లోపలి దారాలు బయటపడేవి. "వాసనొస్తోందని నేను మొత్తుకుంటూనే ఉన్నా, బ్రేకుల వాసనన్నారు" అని మేడమ్ గారు. మాస్టారు ఏం మాట్లాడలేదు.

అందుకే మేం వీల్ మార్చిన ఏ ఏడు సీట్ల బండినైనా మనుషుల్ని ఎక్కించే చూస్తాం. వచ్చినవాళ్లు సరిపోకపోతే షాపు కుర్రాళ్లని వెనక సీట్లో కూర్చోబెడతాం. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఒక చక్రం మెట్టెక్కించి, టార్చ్ వేసి లోపలా బయటా చూస్తాం. మీరు ఎక్కడ వేయించుకున్నా ఇది అడిగి చేయించుకోండి. నవ్వితే నవ్వనివ్వండి.

అపోహ: సైజు అదే, కంపెనీ మంచిదే, ఇక టైర్‌లో చూడాల్సిందేమీ లేదు

సైజు పక్కనే ఇంకో అంకె, ఒక అక్షరం ఉంటాయి. 205/65 ఆర్16 95హెచ్ అని ఉంటే, 205 టైర్ వెడల్పు మిల్లీమీటర్లలో, 65 ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 16 రిమ్ అంగుళాలు, ఆ 95 లోడ్ ఇండెక్స్. ఆ టైర్ 690 కిలోలు మోస్తుంది. 91 అయితే 615. 88 అయితే 560. హెచ్ స్పీడ్ రేటింగ్, 210 కిలోమీటర్లు. మన రోడ్లకి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు, కంపెనీ ఇచ్చినదానికి తగ్గకుండా ఉంటే చాలు. అసలు చూడాల్సింది లోడ్.

ఎర్టిగానే తీసుకుందాం. కంపెనీ టైర్ 185/65 ఆర్15, లోడ్ ఇండెక్స్ 88. అంగుళం పెంచి 195/55 ఆర్16 వేద్దామంటారు. ఎత్తు లెక్క కడితే పాతది 621.5 మిల్లీమీటర్లు, కొత్తది 620.9. ఇంతకన్నా కలిసే సైజు ఉండదు. స్పీడోమీటర్ తప్పు చూపించదు, ఎక్కడా రాసుకోదు, ఆన్‌లైన్ కాలిక్యులేటర్లన్నీ పచ్చ టిక్కు పెడతాయి. కానీ ఈ సైజులో మామూలు టైర్ 87తో వస్తుంది, అంటే 545 కిలోలు. పెద్ద వీల్ వేశామని సంబరపడుతుంటే మోసే శక్తి తగ్గింది. అదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్నది, అంటే ఎక్కువ బరువు మోసేలా చేసింది, 91తో దొరుకుతుంది. అది తీసుకోండి. ఎక్స్‌ఎల్ టైర్ తన పూర్తి బరువు మోయాలంటే గాలి కాస్త ఎక్కువ ఉండాలి, ఎంతో వేసేవాళ్లని అడగండి.

"నాలుగు టైర్లకీ కలిపి లెక్కేస్తే సరిపోతుంది కదా" అని ఒక ఇంజనీరు గారు నాతో వాదించారు. క్రిస్టా నిండితే 2,400 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. 91 టైర్లు నాలుగైతే 2,460. కాగితం మీద సరిపోయింది. కానీ మూడో వరుసలో ఇద్దరు, వాళ్ల వెనక సూట్‌కేసులు, పైన బియ్యం మూట పడ్డాక బరువు నాలుగు చక్రాలకీ సమానంగా పంచుకోదు, వెనక్కి దిగుతుంది. సగటు లెక్క అక్కడ పనిచేయదు.

రిమ్‌కి కూడా బరువు పరిమితి ఉంటుందని చాలామందికి తెలియదు. వీల్ వెనక వైపు పోతలోనే మ్యాక్స్ లోడ్ అని కిలోల్లో ఉంటుంది. జేడబ్ల్యూఎల్ (జపాన్ వాళ్ల అలాయ్ వీల్ ప్రమాణం) ముద్ర ఉందా లేదా అన్నదీ అక్కడే చూడాలి. హ్యాచ్‌బ్యాక్‌ల కోసం చేసిన అలాయ్‌లు పీసీడీ కలిసిందని ఏడు సీట్ల బండ్లకి ఎక్కించేస్తున్నారు. అంకె కనపడని వీల్‌ని, ఎంత చవకైనా, నేను ఫ్యామిలీ బండికి బిగించను. దీనివల్ల నాకు బేరాలు పోయాయి, పోనీ.

అపోహ: ఎండాకాలం గాలి తగ్గించాలి, లేకపోతే టైర్ పేలుతుంది

ఈ పుకారు మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. టైర్ పేలిన వీడియో ఒకటి ఫోన్‌లో తిరుగుతుంది, పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లే తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ భయంతో చేసే పని సరిగ్గా ప్రమాదాన్ని తెచ్చేదే. గాలి తక్కువైతే టైర్ పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా మడతపడుతుంది. ఆ మడతకే వేడి పుడుతుంది, ఆ వేడికే లోపలి పొరలు విడిపోతాయి. బండి నిండా జనం, పైన మే నెల ఎండ, గాలి తక్కువ. ఈ మూడూ కలిస్తేనే ముప్పు.

డ్రైవర్ డోరు తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. తక్కువమంది ఉంటే ఎంత, నిండుగా ఉంటే ఎంత అని చాలా బండ్లకి రెండు వరుసలుగా ఇస్తారు. అది చల్లటి టైర్ లెక్క. పొద్దున్నే 33 పెట్టుకుని బయల్దేరితే మధ్యాహ్నానికి 37, 38 చూపించడం మామూలే. కంపెనీ ఆ పెరుగుదలని ముందే లెక్కలో వేసుకుంది. దాబా దగ్గర ఆగి వేడి టైర్‌లోంచి గాలి తీయించకండి.

నైట్రోజన్ గురించి అడుగుతారు కాబట్టి: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. ఉచితంగా పెడితే పెట్టించుకోండి.

మిగతావి గబగబా.

వెడల్పు టైర్ వేస్తే పట్టు పెరుగుతుందా? పొడి రోడ్డు మీద కొంత. వానలో నీళ్లు నిలిచిన చోట వెడల్పు టైర్ తొందరగా తేలుతుంది, మైలేజీ తగ్గుతుంది. ఫ్యామిలీ బండికి నా సలహా అడిగితే, మీ మోడల్ టాప్ వేరియంట్‌కి కంపెనీయే ఇచ్చిన సైజు దాటకండి. క్రిస్టాలో కింది వేరియంట్లకి 205/65 ఆర్16, పై వేరియంట్‌కి 215/55 ఆర్17 ఇచ్చారు. రెండిటి ఎత్తుకీ తేడా అయిదు మిల్లీమీటర్లు కూడా లేదు. బండి రూపు మార్చడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఇన్సూరెన్స్ వాళ్ల ప్రశ్నలూ ఉంటాయి. ఇలా కంపెనీ సైజులోనే ఉంటే ఆ తలనొప్పి తక్కువ.

రెండే కొత్త టైర్లు కొంటే ముందు వేయాలా? వెనక వేయండి, బండి ముందు చక్రాలతో లాగేదైనా సరే. తడి రోడ్డు మీద ముందు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తీస్తే సర్దుకుంటుంది. వెనక జారితే బండి తిరిగిపోయాకే తెలుస్తుంది.

"కొత్త టైరే, బటన్లు (గాడుల మధ్య గుబ్బలు) అలాగే ఉన్నాయి" అంటారు. పక్కగోడ మీద డాట్ నంబర్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2219 అంటే 2019లో 22వ వారం తయారైంది. ఇంటి దగ్గరే ఎక్కువ ఉండే ఎర్టిగాలకి టైర్ అరగదు, ముసలిదవుతుంది. అయిదేళ్లు దాటితే ఏడాదికోసారి విప్పించి చూపించుకోండి. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లదాకా నడపొచ్చు, నేనైతే వానాకాలానికి మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటాను.

ఇక స్టెప్నీ. నాలుగు అలాయ్‌లు కొంటారు, ఐదోది పాత ఇనుప రిమ్మే ఉంటుంది. అది తప్పేం కాదు, టైర్ ఎత్తు కలిస్తే చాలు. తేడా వచ్చేది నట్ల దగ్గర. బయట కొనే అలాయ్‌లకి ఎక్కువగా కోన్ ఆకారం నట్లు. హోండా వాళ్ల ఒరిజినల్ వీల్స్‌కి గుండ్రటి అంచు నట్లు. కొన్ని టొయోటా అలాయ్‌లకి వాషర్ ఉన్న చదును నట్లు. మర బిగుసుకుంది కదా అని ఒకదాని నట్టు ఇంకోదానికి వేస్తే రిమ్‌ని సరిగ్గా పట్టదు, వదులైపోతుంది. కొన్ని అలాయ్‌లలో నట్టు గుంత ఎంత సన్నగా ఉంటుందంటే, బండితో వచ్చిన పానా అందులో దూరదు. ఒక కుటుంబం రాత్రి పదకొండింటికి నకిరేకల్ దాటాక పంక్చరై, జాకీ ఉండి, స్టెప్నీ ఉండి, పానా దూరక నాకు ఫోన్ చేశారు. వెనక చంటిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. మా కుర్రాడు సన్నటి సాకెట్ పట్టుకుని బైక్ మీద వెళ్లొచ్చాడు.

కాబట్టి కొత్త వీల్స్ బిగించిన రోజే, షాపులోనే, మీ బండి పానాతో మీ చేత్తో ఒక నట్టు వదులు చేసి చూడండి. దూరకపోతే సరిపోయే సాకెట్ అక్కడే కొనండి. పాత నట్లు ఐదైనా ఒక సంచిలో వేసి జాకీ పక్కన పెట్టండి. వంద కిలోమీటర్లు తిరిగాక వచ్చి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) ఇంకోసారి బిగించుకుపొండి. ఎయిర్ గన్‌తో కాదు. ఆ రెండో బిగింపుకి మేం డబ్బులు తీసుకోం.