మెట్లు మనవే, పరుగు ఎవరిది?

మా అక్క కొడుకు తిరుపతిలో ఇంజనీరింగ్ మూడో ఏడాది. పోయిన నెల వాళ్ళ కాలేజీ ఫెస్ట్‌లో ఒక మొబైల్ గేమ్ చేసి పెట్టాడు. అలిపిరి నుంచి ఒక పిల్లోడు మెట్ల మీద పరిగెత్తుతా పోతా ఉంటాడు, చేతిలో కొబ్బరికాయల సంచి, వెనకాల కోతులు తరుముకుంటా వస్తాయి, పక్కకి గీకితే తప్పుకుంటాడు, పైకి గీకితే దూకుతాడు, గాలిగోపురం దగ్గర ఒక చెక్‌పాయింట్. మూడు నెలలు నిద్ర లేకుండా చేశాడు. జడ్జిగా వచ్చినాయన రెండు నిమిషాలు ఆడి, ఫోన్ తిరిగిచ్చేసి, "ఇది టెంపుల్ రన్ కాపీ కదప్పా" అని ఒక్క మాట అనేసి పక్క టేబుల్‌కి పోయినాడంట. వీడు ఇంటికొచ్చి అన్నం కూడా తినలే. రాత్రి పదకొండుకి నాకు ఫోన్. "మామా, కోతులు తిరుమలవి, మెట్లు తిరుమలవి, కాపీ ఎట్లయితాది? సరే, టెంపుల్ రన్ మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా?"

నిజం చెప్పాలంటే నాకూ ఆ ఆట చూడగానే టెంపుల్ రనే గుర్తొచ్చింది, వాడితో అనలేదు అంతే. టెంపుల్ రన్‌లో కూడా వెనక తరిమేది కోతుల మాదిరి రాక్షసులే కదా. కానీ వాడి రెండో ప్రశ్న మాత్రం మంచిది. టెంపుల్ రన్ 2011లో వచ్చింది, ఇమాంగి అని చిన్న స్టూడియో, మొగుడూ పెళ్ళాం కలిసి పెట్టుకున్నది. దానికి రెండేళ్ళ ముందే, 2009లో, ఆడమ్ సాల్ట్స్‌మన్ అనే ఆయన కానబాల్ట్ అని ఒకటి చేశాడు, అందులో ఒక మనిషి బిల్డింగుల మీద ఆగకుండా పరిగెత్తుతా ఉంటాడు, మనం చేసేదల్లా దూకించడం. టెంపుల్ రన్ వాళ్ళు ఆ పరుగుని పక్క నుంచి కాకుండా వెనక నుంచి చూపించారు, మలుపులు పెట్టారు, వేలితో గీకితే తిరిగేటట్టు చేశారు. 2012లో సబ్‌వే సర్ఫర్స్ వచ్చి అదే పరుగుని రైలు పట్టాల మీదకి తెచ్చింది. మా వాడు దాన్ని తిరుమల మెట్లెక్కించాడు. మరి ఈ వరసలో "కాపీ" అనే బోర్డు ఎవరి మెడలో వేయాల?

ఈ గొడవ వీడియో గేమ్ పుట్టిన రోజు నుంచీ ఉంది, అంటే అతిశయోక్తి కాదు. 1972 మే 24న కాలిఫోర్నియాలో బర్లింగేమ్ అనే ఊళ్ళో మాగ్నవాక్స్ కంపెనీ తన ఒడిస్సీ మిషన్‌ని జనానికి చూపించింది. రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు ఏళ్ళ తరబడి కూర్చుని చేసింది అది, టీవీకి తగిలిస్తే తెర మీద బంతి అటూ ఇటూ పోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో నోలన్ బుష్‌నెల్ ఉన్నాడు, ఆయన వచ్చినట్టు సాక్ష్యం ఏందంటే గెస్ట్ బుక్‌లో ఆయన సంతకమే. ఆ తర్వాత బుష్‌నెల్ ఆటారీ పెట్టి, కొత్తగా చేరిన ఆల్ ఆల్కార్న్‌కి ప్రాక్టీసు కోసమని ఒక పింగ్‌పాంగ్ ఆట చేయమన్నాడు, అదే పాంగ్, ఆ ఏడాది చివర్లోనే బయటికొచ్చి దుమ్ము లేపింది. 1974లో మాగ్నవాక్స్ కేసు వేసింది, 1976లో ఆటారీ లైసెన్సుకి డబ్బు కట్టి రాజీ పడింది. ఇంతవరకు వింటే దొంగతనం మాదిరే ఉంది కదా. కానీ ఒడిస్సీలో శబ్దం లేదు, స్కోరు లేదు. ఆల్కార్న్ ఆ టిక్కు టిక్కు శబ్దం పెట్టాడు, స్కోరు పెట్టాడు, బంతి బ్యాటుకి ఎక్కడ తగిలితే దాన్ని బట్టి కోణం మారేటట్టు చేశాడు, ఆట సాగేకొద్దీ బంతి వేగం పెంచాడు. ఈరోజు జనానికి గుర్తున్నది ఆ పాంగే. అటుపక్క ఆటారీకి కూడా అదే శాస్తి జరిగింది, దాన్ని చూసి ఎవరు పడితే వాళ్ళు మిషన్లు దింపితే మార్కెట్లో అసలు పాంగుల కన్నా నకళ్ళే ఎక్కువైపోయినాయి, అప్పుడు మొత్తుకోవడం బుష్‌నెల్ వంతైంది.

కోర్టులు గీత గీయడం మొదలుపెట్టింది 1981, 82ల్లో. ఆస్టరాయిడ్స్ అని ఆటారీ ఆట, చిన్న ఓడతో రాళ్ళు పేల్చేది. దాన్ని చూసి మీటియర్స్ అని ఇంకొకడు దింపితే ఆటారీ కోర్టుకి పోయింది. జడ్జి కూర్చుని లెక్కపెట్టి 22 పోలికలున్నాయని రాసి మరీ కేసు కొట్టేశాడు! ఎందుకంటే అంతరిక్షంలో రాళ్ళు పేల్చే ఆట ఎవడు చేసినా ఆ పోలికలు రాకుండా ఉండవు, పెద్ద రాయి పగిలితే చిన్న రాళ్ళు కాక ఇంకేమవుతాయి. ఆ మరుసటేడు ప్యాక్‌మ్యాన్ కేసు. ఫిలిప్స్ వాళ్ళు ఒడిస్సీ 2 కోసం కె.సి. మంచ్‌కిన్ అని దింపారు, ఆటారీ మళ్ళీ కోర్టుకి పోయింది, ఈసారి గెలిచింది. చిట్టడవి మాదిరి దారులు, చుక్కలు తినడం, వెంటపడే శత్రువులు, ఇవి ఎవరైనా వాడుకోవచ్చు గానీ, నోరు తెరిచి మూసే ఆ గుండ్రటి తిండిపోతు, కళ్ళు తిప్పే ఆ దయ్యాలు ఊహలోంచి పుట్టినవి, ఆటకి అవి అట్లనే ఉండాలని రూలేం లేదు, వాటిని తీసుకుంటే తప్పే అని కోర్టు చెప్పింది.

మా వాడికి ఇది చెప్తే వెంటనే పట్టుకున్నాడు, "అంటే మెట్లు రాళ్ళ లెక్క మామా, కోతి మొహం దయ్యం లెక్క." అంతే. మొత్తం లాయర్లు చెప్పేది అదే.

ఇప్పుడు మన దగ్గరికి వస్తా. తొంభైల్లో తిరుపతిలో పెరిగినవాళ్ళకి వీడియో గేమ్ అంటే టీవీ గేమే, ఆ మిషన్లలో శానా వరకు నింటెండో అనే జపాన్ కంపెనీ ఫ్యామికామ్ మిషన్‌కి నకళ్ళే, మనకి నింటెండో అనే పేరు కూడా తెలీదు, క్యాసెట్ మీద 9999 గేములని రాసుంటుంది, లోపల చూస్తే ఓ పదిహేను, అవే తిప్పి తిప్పి వస్తాయి. ఇంక చేతిలో పట్టుకునే బ్రిక్ గేమ్. కొండకొచ్చినవాళ్ళు పిల్లలకి కొనిపెట్టేవాళ్ళు, నాకూ ఒకటుండేది. అది టెట్రిస్ అని నాకు డిగ్రీకి వచ్చాక తెలిసింది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని చేస్తే హక్కులు సోవియట్ ప్రభుత్వం దగ్గరుండిపోయినాయి, ఆయన చేతికి రాయల్టీ రావడం మొదలైంది 1996లో టెట్రిస్ కంపెనీ పెట్టుకున్నాకే. నేను సెలవుల్లో గంటలు గంటలు ఆడిన ఆటకి ఆయనకి ఒక్క పైసా పోలేదు, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒకమాదిరిగా ఉంటుంది.

ఆ టెట్రిస్సే తర్వాత ఇంకో గీత గీయించింది. జియో అనే చిన్న కంపెనీ (మన సిమ్ముల జియో కాదు) ఐఫోన్‌లో మినో అని ఆట పెట్టింది. వాళ్ళు లా చదువుకునే దిగారు, రూల్స్‌కి కాపీరైట్ ఉండదు కాబట్టి మేం రూల్స్ మాత్రమే తీసుకున్నామన్నారు. 2012లో న్యూజెర్సీ కోర్టు రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసింది. ముక్కల ఆకారాలు అవే, గడులు అడ్డం పది నిలువు ఇరవై అవే, ముక్క కింద ఎక్కడ పడుతుందో చూపించే నీడ కూడా అదే. ఇంత మక్కీకి మక్కీ దింపితే అది రూలు తీసుకోవడం కాదు పొమ్మంది.

మధ్యలో ఒక తమాషా. డేటా ఈస్ట్ అనే జపాన్ కంపెనీ తన కరాటే చాంప్ ఆటని కాపీ కొట్టారని ఎపిక్స్ మీద కేసేసి 1988లో అప్పీల్లో ఓడిపోయింది, కరాటే అన్నాక గుద్దులూ తన్నులూ అందరికీ ఒకటే కదా అన్నారు. ఆ తర్వాత అదే డేటా ఈస్ట్ స్ట్రీట్ ఫైటర్ 2 మాదిరి ఫైటర్స్ హిస్టరీ అని దింపితే క్యాప్‌కామ్ కేసేసింది, 1994లో డేటా ఈస్ట్ గెలిచింది, అచ్చం తను ఓడిన వాదంతోనే. అత్తా ఒకింటి కోడలే అంటారు చూడు.

నాకు అన్నిటికన్నా నచ్చే కథ మాత్రం డూమ్ అనే తుపాకుల ఆటది. 1990లో, దాన్ని చేసిన జాన్ కార్మాక్ వాళ్ళ గుంపు, నింటెండో వాళ్ళ మారియో 3 మొదటి లెవెల్‌ని కంప్యూటర్‌లో యథాతథంగా దింపారు, ఆ డెమోకి పెట్టుకున్న పేరు "డేంజరస్ డేవ్ ఇన్ కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్", అంటే దొంగే తన నుదుట రాసుకున్నట్టు. నింటెండోకి చూపిస్తే వద్దంది. ఆటలో మనిషి కదిలేకొద్దీ తెర జరిపే ఆ టెక్నిక్ పెట్టుకుని వాళ్ళు సొంతంగా కమాండర్ కీన్ చేశారు, ఆ దారిలోనే 1993లో డూమ్ దాకా పోయినారు. ఇంక డూమ్ వచ్చాక తుపాకి పట్టుకుని లోపలి నుంచి చూసే ప్రతి ఆటనీ జనం ఏళ్ళ తరబడి "డూమ్ క్లోన్" అనే పిలిచారు. తర్వాత తర్వాత ఆ మాట పోయి ఫస్ట్ పర్సన్ షూటర్ అనే మాట వచ్చింది. ఆటలు అవే, తుపాకులు అవే, పిలుపు మారింది. ఎందుకు మారిందంటే వెనక వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోటి కలుపుకుంటా పోయినారు, ఒకరు కథ కలిపారు, ఒకరు నెట్‌వర్క్‌లో టీమ్ ఆట కలిపారు, కొన్నాళ్ళకి అసలు దానికన్నా కలిపిందే ఎక్కువైంది. ఎంత తీసుకున్నాడు అని అడిగితే అందరూ దొంగలే తేలతారు. నేనైతే తీసుకున్నదాని మీద ఏం కలిపాడు అని అడుగుతా. కోర్టు ఈ ప్రశ్న అడగదు, అది వేరే సంగతి, దాని పని తీసుకున్నది చూడడమే.

మన దేశంలో చట్టం ఏమంటుందంటే, పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎం) ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంట్ ఇయ్యరు. ఐడియాకి కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఒక నాటకం, సినిమా గొడవలో తేల్చింది. ఆటల మీద మన దగ్గర బాగా నలిగిన కేసు స్క్రాబ్యులస్‌ది, కోల్‌కతా అన్నదమ్ములిద్దరు ఫేస్‌బుక్‌లో స్క్రాబుల్ (అక్షరాలు పేర్చి మాటలు కట్టే ఆట) మాదిరి పెట్టిన ఆట, లక్షల మంది ఆడారు. స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి పోతే 2008లో తీర్పొచ్చింది: ఆ బోర్డు మీద, రూల్స్ మీద కాపీరైట్ చెల్లదు, కానీ ఆ పేరు మాత్రం వాడకూడదు. ఆట పేరు లెక్సులస్ అయింది. తిరుపతోళ్ళకి ఇది అర్థం చేసుకోవడం కష్టమేం కాదు, మన లడ్డూకి 2009లో జీఐ (ఊరి పేరుతో సరుకుకి చట్టం ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదా, శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు వేసి లడ్డూ ఎవరైనా చుట్టుకోవచ్చు, తిరుపతి లడ్డూ అని బోర్డు పెట్టి మాత్రం అమ్మకూడదు.

ఫోన్లొచ్చాక ఇంకో బాధ మొదలైంది, వేగం. త్రీస్ అనే నంబర్ల ఆటని ఇద్దరు ముగ్గురు కలిసి 14 నెలలు చెక్కి చెక్కి 2014 ఫిబ్రవరిలో డబ్బులకి పెట్టారు. కొన్ని వారాలకే దాన్ని చూసి 1024 వచ్చింది, మార్చిలో గాబ్రియేల్ చిరుల్లి అనే కుర్రాడు ఒక వారాంతంలో 2048 చేసి ఫ్రీగా వదిలాడు. అప్పట్లో చిత్తూరు బస్సులో ఎవరి ఫోన్ చూసినా 2048నే, త్రీస్ పేరెత్తినవాణ్ణి నేను చూళ్ళేదు. ఆ కుర్రాడు డబ్బు కోసం చేయలేదు, దాచిపెట్టలేదు, కోడ్ కూడా అందరికీ ఇచ్చేశాడు, కాబట్టి తిట్టడానికి నోరు రాదు. కానీ 14 నెలలు కూర్చున్నవాళ్ళు తమ ఈమెయిళ్ళన్నీ బయటపెట్టి ఇదిగో మేం ఇంత కష్టపడ్డాం అని చూపించుకోవాల్సి వచ్చింది, చదివితే పాపమనిపిస్తుంది.

పబ్జీ సంగతి అందరికీ తెలిసిందే, కాబట్టి గబగబా చెప్తా. చివరికి ఒక్కరే మిగిలేదాకా కొట్టుకునే ఆ రకం ఆటకి బ్యాటిల్ రాయల్ అనే పేరే ఒక జపాన్ కథ నుంచి వచ్చింది, బ్రెండన్ గ్రీన్ మొదట వేరేవాళ్ళ ఆటనే మార్చి మాడ్‌గా చేసి, తర్వాత 2017లో పబ్జీ చేశాడు. మరుసటేడు ఆ కంపెనీనే నెట్‌ఈజ్ అనే చైనా కంపెనీ మీద కేసేసింది, ఫిర్యాదులో రొట్టెల పెనం గురించి కూడా రాశారు, పెనంతో కొట్టడం మాదంటే మాదని. 2019లో రాజీ. 2022లో ఫ్రీ ఫైర్ మీద ఇంకోటి. మన దగ్గర 2020 సెప్టెంబర్‌లో పబ్జీ బ్యాన్ అయితే 2021 జనవరి 26న మన దేశంవాళ్ళు చేసిన ఫౌజీ అనే ఆట వచ్చింది, మా వాడు ఆ రోజు పొద్దున్నుంచి డౌన్‌లోడ్ కోసం కూర్చుని, ఆడి, సాయంత్రానికి డిలీట్ చేశాడు. దేశం పేరు కలిపితే ఆట కలిపినట్టు కాదని వాడికప్పుడే తెలుసు, ఇప్పుడు తన ఆట దగ్గరికొచ్చేసరికి మర్చిపోయినాడు. ఈ మధ్య నింటెండో వాళ్ళు 2024లో తమ పోకెమాన్ మాదిరి ఉందని జనం అనుకున్న పాల్‌వరల్డ్ అనే ఆట మీద వేసిన కేసైతే కాపీరైట్ కూడా కాదు, పేటెంట్లు. అంటే బొమ్మ పోలికలు వదిలేసి, ఆడే పద్ధతి మీదనే పడ్డారు. ఇట్లాంటివి కొత్తేం కాదు, లోడింగ్ టైంలో చిన్న గేమ్ చూపించే పద్ధతి మీద నామ్‌కో పేటెంట్ 2015లో గడువు తీరేదాకా ఉండింది.

ఇదంతా చెప్పి వాడితో వైకుంఠపాళి మాటెత్తాను. మన పరమపద సోపాన పటంలో నిచ్చెన అంటే పుణ్యం, పాము అంటే పాపం, పైన వైకుంఠం. ఇంగ్లీషోళ్ళు ఇక్కడి ఆటని తీసుకుపోయి స్నేక్స్ అండ్ ల్యాడర్స్ అన్నారు, రాన్రానూ పాపపుణ్యాలు పోయి పాములూ నిచ్చెనలూ మిగిలినాయి. రూలు ఆడికి పోయింది, అర్థం ఇక్కడే ఉండిపోయింది. నువ్వు దానికి తిరగేసి చేశావు, రూలు ఆడ్నుంచి తెచ్చి మెట్లు మాత్రం మనవి పెట్టావు, కానీ తిరుమల మెట్ల మీద ఎవడన్నా పరిగెత్తుతాడారా అని అడిగాను. వాడు కొంచేపు మాట్లాడలే.

ఆదివారం వాళ్ళింటికి పోతే ఆట మారిపోయింది. కోతుల్ని తీసేశాడు, పరుగు తీసేశాడు. ఇప్పుడు ఒక ముసలామె, చేతిలో పసుపు కుంకుమ, ఒక్కో మెట్టుకీ బొట్టు పెట్టుకుంటా ఎక్కుతుంది, తొందరపడి గీకితే కుంకుమ ఒలికిపోతుంది, ఆయాసం ఎక్కువైతే కూర్చోబెట్టాల, మోకాళ్ళ పర్వతం దగ్గర ఇంకా నెమ్మది. 3550 మెట్లూ పెట్టాడంట. "ఎవరాడతారు మామా ఇది" అన్నాడు. మా అమ్మ, అంటే వాడికి అవ్వ, ఫోన్ లాక్కుని అద్దాలు పెట్టుకుని గాలిగోపురం దాకా ఎక్కింది, ముప్పావుగంట పట్టింది. అక్కడ ఆపి వాణ్ణి అడిగింది, "ఏం నాయనా, ఈడ మజ్జిగ అమ్మేవాళ్ళుంటారు గదా, వాళ్ళని యాడ పెట్టినావు?"