విశాఖకు జల బస్సు ఎందుకు రాలేదు?

కొచ్చిలో దీవుల మధ్య సిటీ బస్సులా తిరిగే పడవల సర్వీసు వాటర్ మెట్రో వీడియో ఏదైనా ఫోన్లో కనిపించినప్పుడల్లా విశాఖ వాళ్లు ఒకే మాట అడుగుతారు: ఇంత నీరు పెట్టుకుని మనకెందుకు లేదు? అడగడంలో న్యాయం ఉంది. ఒక పక్క సముద్రం. మరో పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఊరి నడుముదాకా చొచ్చుకొచ్చిన హార్బర్. పాతపట్నంలో రాస్ హిల్ ఎక్కి చూస్తే నీటికి అవతల షిప్‌యార్డు క్రేన్లు కనిపిస్తాయి. అక్కడికి వెళ్లాలంటే మాత్రం హార్బర్ చుట్టూ రోడ్డు పట్టుకుని తిరగాలి. మల్కాపురం, సింధియా, గాజువాక వైపు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఈ చుట్టుతిరుగుడు రోజువారీ శ్రమ.

నీరు ఉన్నంత మాత్రాన పడవ నడవదు. నడిపే బాధ్యత ఎవరిదో తేలిన చోటే జల బస్సు నిలబడింది. విశాఖలో ఆ బాధ్యత ఎవరిదీ కాకుండా ఎలా పోయిందో తెలియాలంటే ముందు ఇటలీకి, ఆ తర్వాత మన గోదావరి రేవులకు వెళ్లి రావాలి.

వెనిస్‌లో 1881 వరకు జనం గొండొలాల మీద, నాటు పడవల మీద తిరిగేవారు. ఆ ఏడాది ఒక ఫ్రెంచి కంపెనీ గ్రాండ్ కెనాల్‌లో ఆవిరి పడవలను దింపింది. మొదటి పడవ పేరు రెజీనా మార్గెరీటా. తమ పొట్ట కొడుతున్నారంటూ నవంబరులో గొండొలా వాళ్లు సమ్మె కట్టారు. వారి భయానికి కారణం లేకపోలేదు. తెడ్డు వేసే మనిషి సంపాదన ఆవిరి యంత్రం ముందు ఎంతకాలం నిలుస్తుంది? అయినా ఆవిరి పడవ ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలో నగరపాలక సంస్థే ఈ సర్వీసులను తన చేతుల్లోకి తీసుకుంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అప్పటిదాకా లాభం కోసం నడిచిన పడవ, వీధి దీపంలాగా ఊరి బాధ్యతల్లో ఒకటైంది.

అంతకుముందే, 1846లో, ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సు మీదుగా వెనిస్‌కు రైలు వంతెన వచ్చింది. 1933 ఏప్రిల్‌లో దాని పక్కనే రోడ్డు వంతెన తెరిచారు. కార్లు, బస్సులు వచ్చాయి కానీ ఊరి అంచున ఉన్న పియాజ్జాలే రోమా దగ్గరే ఆగిపోయాయి. లోపల ఆసుపత్రికైనా, బడికైనా, శ్మశానానికైనా నీటి దారి కావాల్సిందే. అందుకే రోడ్డు వంతెన వచ్చాక కూడా వాపొరెట్టో, అంటే అక్కడి జల బస్సు, బలహీనపడలేదు. ఒకటో నంబరు లైన్ గ్రాండ్ కెనాల్ పొడవునా ఇటొడ్డు, అటొడ్డు తాకుతూ, దాదాపు ప్రతి రేవులో ఆగుతూ లీడో దీవి దాకా వెళ్తుంది. అక్కడ రేవు అంటే నీటి మీద తేలే వేదిక. ఆటుపోట్లతో పాటు అదీ పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి పడవ అంచు, రేవు అంచు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. సిబ్బందిలో ఒకరు తాడు విసిరి గుంజకు బిగిస్తారు, గేటు జరుపుతారు. దిగేవాళ్లు దిగాకే ఎక్కేవాళ్లను వదులుతారు. రాత్రంతా నడిచే లైను కూడా ఉంది.

1978లో ఏర్పడిన ఏసీటీవీ అనే సంస్థ ఈ పడవలతో పాటు వెనిస్ ప్రధాన భూభాగంలోని బస్సులనూ నడుపుతోంది. ఒక టికెట్‌తో బస్సు దిగి పడవ ఎక్కవచ్చు. ఛార్జీలో ఒక తేడా ఉంది. పర్యాటకుడు 75 నిమిషాల టికెట్‌కు 9.50 యూరోలు చెల్లిస్తే, కార్డు ఉన్న స్థానికుడు అందులో చిన్న భాగమే ఇస్తాడు. సందర్శకుల డబ్బుతో ఊరివాళ్ల ప్రయాణం నిలబెట్టే పద్ధతి ఇది. అక్కడా ఇబ్బందులు తక్కువేమీ కావు. నీటి మట్టం బాగా పెరిగినప్పుడు పడవలు వంతెనల కింద పట్టవు, దారులు మార్చాలి. మోటారు పడవలు లేపే అలలకు పాత ఇళ్ల పునాదులు దెబ్బతింటున్నాయన్న గొడవ దశాబ్దాలుగా సాగుతూనే ఉంది.

ఇక మన వైపు. తెలుగు నేలకు జల ప్రయాణం కొత్తేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలను సాగునీటికే కాక పడవలకూ పనికొచ్చేలా తవ్వారు. ఎత్తుపల్లాలు దాటడానికి లాకులు కట్టారు. రైళ్ల కంటే జలమార్గాలే ఈ దేశానికి మేలని ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించారు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, ఆపైన బకింగ్‌హామ్ కాలువ. కాకినాడలో పడవ ఎక్కినవాళ్లు కాలువల వెంటే మద్రాసు చేరగలిగిన కాలం ఒకటుంది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. ఆ లాగినవాళ్ల భుజాల మీదే ఎన్ని పెళ్లిబృందాలు, ఎన్ని ధాన్యపు బస్తాలు ప్రయాణించాయో! 1900లో గోదావరి మీద రైలు వంతెన తెరుచుకున్నాక దూర ప్రయాణికులు రైలుకు మళ్లారు. తర్వాత లారీలు, బస్సులు వచ్చి మిగిలిన పడవ బేరాన్నీ తీసుకుపోయాయి.

ఈ కాలువల గొలుసు ఉత్తరాన కాకినాడ దగ్గరే ఆగిపోయింది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గం కూడా కాకినాడ నుంచి పుదుచ్చేరి వైపే వెళ్తుంది. విశాఖ ఏనాడూ కాలువల ఊరు కాదు. ఇది కొండల ఊరు, గెడ్డల ఊరు. వాన పడితే ఉరికి, ఎండాకాలంలో చిక్కిపోయే గెడ్డలు పడవకు పనికిరావు. ఇప్పుడు వాటిలో చాలా భాగం మురుగు మోస్తున్నాయి.

డెల్టాలో మిగిలిన జల ప్రయాణం రేవు దాటడం. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు, అంటే వెడల్పాటి బల్లకట్టు పడవ మీద మోటార్ సైకిళ్లు, కార్లు, మనుషులు కలిసి గోదావరి దాటే దృశ్యం ఆ ప్రాంతం వాళ్లకు చిరపరిచితం. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్యా అంతే. అయితే ఈ రేవులను మన ప్రభుత్వాలు రవాణా సేవగా చూడలేదు, ఆదాయంగా చూశాయి. రేవు పాట పెట్టడం, ఎక్కువకు పాడుకున్నవారికి అప్పగించడం ఆనవాయితీ అయింది. పాట పాడుకున్న మనిషి పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి. ఎక్కువమందిని ఎక్కించాలన్న ఒత్తిడి, పాత పడవతోనే ఇంకో ఏడాది నెట్టుకురావాలన్న ఆలోచన అక్కడే పుడతాయి. రోడ్డు మీద మాత్రం మనం వేరే దారి పట్టాం. బస్సులు ప్రభుత్వ బాధ్యత అని నిర్ణయించుకుని, 1958లో ఆర్టీసీని ఏర్పాటు చేసుకుని, నష్టం వచ్చే పల్లె రూట్లలోనూ నడిపాం. నీటి మీద వెళ్లే మనిషికి ఆ హక్కు ఎందుకు లేకుండా పోయిందన్నది నన్ను బాధించే విషయం.

విశాఖ కథ మరో రకం. హార్బర్ రాకముందు ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. అలలను తట్టుకునేలా పలకలను మేకులతో కాక తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో జనాన్నీ సరుకునూ ఒడ్డుకు చేర్చేవారు. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట డాల్ఫిన్స్ నోస్ పక్కన ఉప్పుటేరు, బురద నేల ఉండేవి. అక్కడ రేవు కట్టవచ్చని 1914లో కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ నివేదిక ఇచ్చారు. 1927లో పనులు మొదలయ్యాయి. బురద తవ్వి లోపలి హార్బర్ చేశారు. తీరం వెంట కొట్టుకొచ్చే ఇసుక, సముద్రం నుంచి హార్బర్‌లోకి వచ్చే కాలువ ముఖాన్ని పూడ్చకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు.

ఇదంతా ఎవరి కోసం? మధ్య పరగణాల, అంటే బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసు ఖనిజం కోసం. రాయపూర్ నుంచి విజయనగరం దాకా వేసిన రైలు మార్గం ఉద్దేశం అదే. 1933 అక్టోబరు 7న హార్బర్‌లోకి వచ్చిన మొదటి నౌక జలదుర్గ ప్రయాణికుల నౌకే అయినా, ఆ రేవు పుట్టింది సరుకు కోసం. డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. వెనిస్ రోడ్డు వంతెన తెరిచిందీ ఈ ఏడాదిలోనే.

ఆ తర్వాత హార్బర్ చుట్టూ వచ్చినవన్నీ పెద్ద సంస్థలే. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1948 మార్చి 14న నెహ్రూ అక్కడే జలఉష నౌకను నీటిలోకి దింపారు. రెండో ప్రపంచ యుద్ధంతో నౌకాదళం స్థిరపడింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాక ఈ రేవు రక్షణ ప్రాధాన్యం అందరికీ అర్థమైంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ వెనక ఎరువుల కర్మాగారం, 1968లో తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం. ప్రతి సంస్థా తన ఒడ్డుకు గోడ కట్టుకుంది. వాటి అవసరాలు నిజమైనవే, కాదనను. కానీ ఒకదాని తర్వాత ఒకటి గోడలు లేస్తూ పోతే హార్బర్ ఒడ్డున సామాన్యుడు కాలు పెట్టే చోటు మిగల్లేదు. ఊరు నీటికి వీపు తిప్పి, ఉత్తరాన వాల్తేరు వైపూ, పడమట గాజువాక వైపూ పెరిగింది. జల బస్సుకు మొదట కావలసింది రేవు. రేవుకు కావలసింది జనం చేరగల ఒడ్డు. విశాఖ అది పోగొట్టుకుంది.

పైగా ఈ నీటి మీద అధికారం ముక్కలు ముక్కలుగా ఉంది. హార్బర్ నీరు కేంద్రం కింద ఉన్న పోర్టుది. రోడ్లు నగరపాలక సంస్థ జీవీఎంసీవి. బస్సులు ఆర్టీసీవి. రుషికొండ షికారు పడవలు పర్యాటక శాఖ పరిధిలోవి. భద్రత విషయంలో నౌకాదళం మాటే చివరి మాట, 2008 ముంబయి దాడుల తర్వాత మరీను. కాలువ ముఖం ఇరుకైనది. భారీ నౌక వస్తుంటే చిన్న పడవ ఆగాల్సిందే. ఇవేవీ తేలిగ్గా తీసిపారేసే అడ్డంకులు కావు.

కొచ్చిలోనూ పోర్టు ఉంది, నౌకాదళం ఉంది, షిప్‌యార్డు ఉంది. తేడా ఎక్కడంటే, అక్కడి దీవుల్లో జనం ఉన్నారు, వాళ్లకు పడవ తప్ప దారి లేని రోజులు ఉండేవి. కేరళ 1968లోనే రాష్ట్ర జల రవాణా శాఖ పెట్టుకుంది. అలప్పుళ కేంద్రంగా నడిచే ఆ శాఖ 2017 జనవరిలో వైకోమ్, తవనక్కడవు మధ్య ఆదిత్య అనే సౌరశక్తి పడవను దింపింది. 75 మందిని మోసే పడవ అది. 2023 ఏప్రిల్ 25న మొదలైన వాటర్ మెట్రో ఈ అర్ధ శతాబ్దపు అలవాటు మీద లేచింది. 38 రేవులు, 78 పడవలు, 76 కిలోమీటర్ల మార్గాలు దాని లక్ష్యం. బ్యాటరీ పడవలను కొచ్చిన్ షిప్‌యార్డే కట్టింది. తేలే వేదికల వల్ల చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా ఒకరి సాయం లేకుండా ఎక్కగలరు. మొదట్లో కనీస ఛార్జీ 20 రూపాయలు. నౌకలు కట్టడం తెలిసిన విశాఖకు ఇలాంటి పడవ కట్టడం చేతకాని పని కాదు.

విశాఖలో జల రవాణా మాట ఎత్తగానే ఎక్కువమంది ఆలోచన బీచ్ వైపు వెళ్తుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా పడవ వేస్తే ఎంత బాగుంటుందో అంటారు. నేను ఒప్పుకోను. అది ఆశ్రయం లేని సముద్రం. కెరటాలు విరిగే ఒడ్డున రేవు నిలబెట్టడానికి అడ్డుకట్టలు కావాలి, వాటితో ఇసుక కదలిక మారుతుంది, మరో చోట తీరం కోతకు గురవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో ఈ ఊరికి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. అలాంటి చోట షికారు పడవ నడవవచ్చు, ఉద్యోగానికి వెళ్లే మనిషి నమ్ముకునే పడవ నడవదు. 2023 సెప్టెంబరులో ప్రారంభించిన క్రూయిజ్ టెర్మినల్ కూడా దూర విహారాలకే. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) వెళ్లే నౌక రోజువారీ ప్రయాణానికి లెక్కలోకి రాదు.

భద్రత గురించి రెండు తేదీలు చెప్పాలి. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవలు మునిగాయి. రెండూ పర్యాటకుల పడవలే. కచ్చులూరులో యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత తనిఖీలు, కంట్రోల్ రూములు వచ్చాయి. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. రోజూ ఒకే దారిలో, ఒకే సిబ్బందితో నడిచే ప్రభుత్వ సర్వీసును తనిఖీ చేయడం సీజన్‌లో వచ్చి పోయే షికారు పడవలను అదుపు చేయడం కంటే సులువు. ఆ రెండు ప్రమాదాలను చూపించి జల రవాణానే వద్దనేవారు ఈ తేడాను గమనించాలి.

విశాఖలో పడవకు అర్థం ఉన్న చోటు హార్బరే. పాతపట్నం నుంచి సింధియా వైపు అడ్డంగా ఒకే ఒక్క దాటు. రెండు చివర్లా ఆర్టీసీ సిటీ బస్సు, బస్సుకూ పడవకూ చెల్లే ఒకే పాసు. నౌకలు కదిలే వేళలు పోర్టుకు ముందే తెలుసు కాబట్టి పడవ వేళలు వాటికి తగ్గట్టు రాసుకోవచ్చు. నౌకాదళం ఒప్పుకునే దారి ఏదో, ఒప్పుకోని దారి ఏదో వాళ్లే గీసి చూపాలి. ఇంతవరకు అడగాల్సిన పద్ధతిలో ఆ మాట అడిగారా అన్నదే నా సందేహం.

దానికంటే ముందు, డబ్బు పెద్దగా ఖర్చు కాని పని ఒకటుంది. షిప్‌యార్డు, పోర్టు, డాక్‌యార్డు, రిఫైనరీ షిఫ్టులకు హార్బర్ చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు ఎంతమంది, ఏ వేళల్లో, ఎంత సమయం రోడ్డు మీద గడుపుతున్నారు? ఆర్టీసీ, జీవీఎంసీ, పోర్టు కలిసి ఈ లెక్క తీయాలి. 46 కిలోమీటర్ల విశాఖ మెట్రో రైలు మొదటి దశ కోసం ఊరి ప్రయాణాలన్నిటినీ లెక్కగట్టిన ఈ రోజుల్లో, సింధియా గేటు దగ్గర ఉదయం షిఫ్టు వేళ నిలబడి నాలుగు ప్రశ్నలు అడగడం కష్టమైన పనేమీ కాదు.