‘మందులకు మినహాయింపు ఉంది’: ఆ ఒక్క వాక్యం వెనుక

ఇరాన్‌పై ఐక్యరాజ్యసమితి ఆంక్షలు 2025 సెప్టెంబరు 28న మళ్లీ అమల్లోకి వచ్చాక, అక్కడి మందుల కొరత వార్తల చివర పాత వాక్యం తిరిగి కనిపిస్తోంది: ‘ఆహారానికి, మందులకు మినహాయింపు ఉంది.’ అది అబద్ధం కాదు. 1990లో ఇరాక్‌పై ఆంక్షలు విధించిన ఐరాస భద్రతా మండలి 661వ తీర్మానంలోనూ వైద్య సామగ్రిని మినహాయించారు. కానీ ఆ వాక్యంతో వార్త ముగిసిపోతోంది. అసలు విషయం అక్కడే మొదలు కావాలి.

తొంభైల్లో విజయవాడలోని ఒక పత్రిక డెస్కులో ఏజెన్సీ వార్తలను తెలుగు చేసేవాణ్ని. బాగ్దాద్ ఏమన్నా ‘ఆరోపించింది’, వాషింగ్టన్ ఏమన్నా ‘స్పష్టం చేసింది’. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. చేతికి అలవాటైపోయింది, అంతే.

ఆంక్షల వల్ల ఇరాక్‌లో పిల్లలు చనిపోతున్నారు కదా అని అడిగితే, ఆ మూల్యం చెల్లించదగినదేనని అప్పటి ఐరాసలో అమెరికా రాయబారి మడెలిన్ ఆల్‌బ్రైట్ 1996లో చెప్పిన ఇంటర్వ్యూ చాలామందికి తెలిసిందే. నా దృష్టిలో ఆంక్షల వార్తలకు మలుపు అది కాదు, 2017. ఆంక్షల కాలంలో ఐదు లక్షల మంది పిల్లలు అదనంగా చనిపోయారన్న అంచనాకు ఆధారమైన 1999 యునిసెఫ్ సర్వే లెక్కలను సద్దాం ప్రభుత్వం తారుమారు చేసిందని ఆ ఏడాది పరిశోధకులు వెల్లడించారు. 2003 తర్వాతి సర్వేల్లో అంతటి పెరుగుదల కనిపించలేదు. మేమూ ఆ అంకెను నమ్మి అచ్చువేశాం, తప్పే. అయితే అంకెతోపాటు, ఆంక్షలు జనాన్ని ఏం చేస్తున్నాయన్న ప్రశ్ననూ వదిలేశాం. ఇరాక్‌లో ఐక్యరాజ్యసమితి మానవతా సాయాన్ని పర్యవేక్షించిన డెనిస్ హాలిడే ఆంక్షలను నిరసిస్తూ రాజీనామా చేసింది 1998లో, అంటే ఆ సర్వే కంటే ముందే.

ఎపిడెర్మోలైసిస్ బులోసా అనే జబ్బున్న పిల్లలకు చొక్కా రాసుకున్నా చర్మం పొక్కిపోతుంది. మామూలు బ్యాండేజీ పుండుకు అంటుకుంటుంది, తీస్తే చర్మం ఊడి వస్తుంది. అంటుకోకుండా ఊడివచ్చే మెత్తటి నురగ పట్టీలు స్వీడన్ నుంచి ఇరాన్‌కు వచ్చేవి. అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్‌తో వ్యాపారం ఆపేస్తున్నామని 2018లో తయారీ సంస్థ లేఖ రాసింది. మినహాయింపుల కింద జరిగే వ్యాపారానికీ ఇది వర్తిస్తుందని అందులోనే ఉంది. చట్టం వద్దనలేదు. కానీ డబ్బు పంపాల్సిన బ్యాంకులకు భారీ జరిమానా భయం, డాలర్ లావాదేవీలు తెగిపోతాయన్న భయం. అదే ఏడాది అక్టోబరు 3న, మందులకు, ఆహారానికి అడ్డంకులు తొలగించాలని, ఇరాన్ వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాను ఆదేశించింది. ఆ కేసుకు ఆధారమైన, రెండు దేశాల మధ్య 1955లో కుదిరిన స్నేహ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు వాషింగ్టన్ ఆ రోజే ప్రకటించింది.

టెహ్రాన్ పాలకుల అవినీతీ కొరతకు కారణమే. దాని గురించి రాస్తున్నాం, రాయాలి కూడా. బ్యాంకు గుమాస్తా బల్ల మీద ఆగిపోయిన పట్టీల గురించి మాత్రం రాయడం లేదు.

2023 ఫిబ్రవరి 6న సిరియాలో భూకంపం వచ్చింది. సాయానికి ఆంక్షలు అడ్డు కావని అమెరికా చెప్పింది. మూడు రోజులకే, సహాయక చర్యలకు అవసరమైన లావాదేవీలను 180 రోజులపాటు అనుమతిస్తూ ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది. అడ్డే లేకపోతే ఆ ఉత్తర్వు దేనికి?