కుక్క దాహం, ట్యాంకులోని బంతి

విజయవాడలో మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ పోయిన వేసవిలో నన్ను పిలిపించి, పెరట్లో సిమెంటు గచ్చు మీద ఒక మూలను చూపించారు. ఆవిడ పెంచుకుంటున్న తొమ్మిదేళ్ల లాబ్రడార్ రాత్రి మూత్రం పోసిన చోటు అది. మామూలుగా గచ్చు మీద ఆరిపోయాక మరక తప్ప మరేమీ మిగలదు. ఇక్కడ మాత్రం అంచులు జిగటగా మెరుస్తున్నాయి, తులసికోట దగ్గరి నుంచి అక్కడిదాకా నల్లచీమలు బారు కట్టాయి. "మాష్టారూ, వీడికి షుగరే అంటారా?" అని ఆవిడ అడిగారు. చరకసంహితలో కూడా మూత్రానికి చీమలు పట్టడం ప్రమేహ సూచనగా చెప్పబడింది కనుక ఆవిడ గమనించిన సంగతికి చాలా పాత వంశవృక్షమే ఉంది.

అయితే చీమలు చెప్పేది మూత్రంలో చక్కెర ఉందని మాత్రమే. రక్తంలో ఎంత ఉందో, ఎందుకు ఉందో అవి చెప్పలేవు. మూత్రపిండాలు వడపోసిన చక్కెరనంతా సాధారణంగా తిరిగి రక్తంలోకి లాక్కుంటాయి. కుక్కలలో రక్తపు చక్కెర డెసిలీటరుకు సుమారు 180 నుంచి 220 మిల్లీగ్రాములు దాటితే ఆ లాక్కునే శక్తి చాలక, మిగిలినది మూత్రంలోకి పోతుంది, తనతోపాటు నీటినీ ఈడ్చుకుపోతుంది. కుక్క ఎక్కువగా తాగుతోంది కాబట్టి ఎక్కువగా పోస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు నీరు పోతోంది, ఆ తరువాతే దాహం వేస్తోంది. ఇక మూత్రపిండ నాళికలే దెబ్బతిన్న ఫాంకోనీ సిండ్రోమ్‌లో రక్తపు చక్కెర మామూలుగా ఉన్నా మూత్రంలోకి చక్కెర కారుతుంది. అందుకే మూత్రం, రక్తం రెండింటిలోనూ చక్కెర ఎక్కువగా ఉండి, అది నిలకడగా కనబడినప్పుడే మధుమేహమని నిర్ధారిస్తారు.

ఆవిడ తన గ్లూకోమీటరుతోనే కుక్క చెవి అంచున చుక్క రక్తం తీసి పరగడుపున చూశారు, 168 వచ్చింది. మనుషుల మీటరు కుక్క రక్తానికి సాధారణంగా తక్కువ అంకె చూపుతుందని నేను చెప్పవలసి వచ్చింది. మన రక్తంలోని చక్కెరలో సుమారు 42 శాతం ఎర్రకణాలలో ఉంటుంది. కుక్కలలో ఎర్రకణాల వాటా దాదాపు 12 శాతమే, మిగిలినదంతా ప్లాస్మాలో ఉంటుంది. మీటరులోని లెక్క మన పంపకాన్ని బట్టి కట్టినది. ప్రయోగశాలలో అదే రోజు తీసిన రక్తంలో 260 తేలింది. రెండు మూడు వారాల చక్కెర సగటును తెలిపే ఫ్రక్టోసమీన్ అనే కొలత కూడా ఎక్కువగానే ఉంది. అలా మధుమేహం ఖాయమైంది.

కుక్కలలో ఈ జబ్బు చాలావరకు ఇన్సులిన్ కొరత వల్ల వచ్చేది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే వైద్యులు ఒక కుక్కకు ఇన్సులిన్ ఊరే క్లోమాన్ని తీసివేస్తే, శుభ్రత నేర్చిన ఆ కుక్క ప్రయోగశాల నేల మీదే మూత్రం పోయసాగింది. దానిని పరీక్షించగా చక్కెర కనబడింది. క్లోమానికీ మధుమేహానికీ ఉన్న సంబంధం అలా బయటపడింది. "కాకరకాయ రసం పోస్తే తగ్గుతుంది, ఇన్సులిన్ మొదలుపెడితే కుక్క బతకదు" అని ఆవిడకు ఎవరో చెప్పారట. ఈ మాట నమ్మి ఆలస్యం చేసినవారి కుక్కలకు కళ్లు తెల్లబడటం, కొవ్వు విరిగి పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని వాంతులతో పడిపోవడం నేను చూశాను. ఇన్సులిన్ లేని కుక్కకు ఇన్సులిన్ ఇవ్వడం తప్ప మార్గం లేదు. పందినుంచి తీసే ఇన్సులిన్, కుక్క ఇన్సులిన్ అమైనో ఆమ్లాల వరుసలో ఒకటే కావడం ఆ కుక్కల అదృష్టం.

ఇన్సులిన్ మొదలైన మూడు నెలలకు అసలు చిక్కు వచ్చింది. మోతాదు పెంచుతూ పెంచుతూ ఒక్కో పూటకు కిలో బరువుకు ఒకటిన్నర యూనిట్లు దాటినా చక్కెర దిగలేదు. ఆవిడ కొలిచిన లెక్క ప్రకారం 31 కిలోల కుక్క రోజుకు నాలుగున్నర లీటర్ల నీళ్లు తాగుతోంది. కిలోకు 100 మిల్లీలీటర్లు దాటితేనే అతిదాహంగా లెక్కిస్తారు. పైగా పొట్ట కుండలా వేలాడుతోంది, రెండు పక్కలా ఒకే రకంగా వెంట్రుకలు రాలాయి, పొట్ట చర్మం కింద రక్తనాళాలు లెక్కపెట్టేటంత పలచబడింది, చల్లటి పూట కూడా వగరుస్తోంది. ఇది కుషింగ్ వ్యాధి, అంటే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ అతిగా ఊరే జబ్బు కావచ్చు. కార్టిసాల్ ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది, నీటిని నిలిపే హార్మోన్‌నూ పనిచేయనివ్వదు.

కార్టిసాల్‌ను ఒకసారి కొలిచి చూస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు. సరిపోదు. అది అలలు అలలుగా ఊరుతుంది, ఆసుపత్రి బల్ల ఎక్కించినా పెరుగుతుంది. ఇక్కడ నాకు ఎప్పుడూ మన డాబా మీది నీళ్ల ట్యాంకే గుర్తుకొస్తుంది. ట్యాంకులోని నీరు రక్తంలోని కార్టిసాల్ అనుకుందాం. నీటి మీద తేలే బంతి, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి. ఆ బంతికున్న ఊచ, పిట్యూటరీ పంపే ఏసీటీహెచ్ అనే హార్మోన్. కుళాయి, మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథి. నీరు పెరిగితే బంతి లేస్తుంది, కుళాయి మూతపడుతుంది. ట్యాంకు పొంగిపోతోందంటే నీటిమట్టాన్ని పదేపదే కొలిచి లాభం లేదు, చేత్తో బంతిని పైకెత్తి ధార ఆగుతుందో లేదో చూడాలి.

కార్టిసాల్‌ను పోలిన డెక్సామెథసోన్ అనే మందుతో చేసే పరీక్ష సరిగ్గా ఆ చెయ్యి చేసే పనే. కిలోకు 0.01 మిల్లీగ్రాముల చొప్పున నరానికి ఎక్కిస్తారు. పిట్యూటరీ దానిని కార్టిసాల్ అనుకుని నీరు నిండిందని ఏసీటీహెచ్ పంపడం ఆపేస్తుంది, కానీ ప్రయోగశాల యంత్రం దానిని కార్టిసాల్‌గా లెక్కించదు. ఎంత చక్కని ఎన్నిక! నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు రక్తం తీస్తారు. ఆరోగ్యమైన కుక్కలో ఎనిమిదో గంటకు కూడా కార్టిసాల్ అడుగంటి ఉంటుంది. కుషింగ్ కుక్కలలో నూటికి 80 నుంచి 85 వంతుల వరకు లోపం పిట్యూటరీ కణితిలోనే ఉంటుంది. అంటే బంతికి చిల్లి పడింది. చిల్లి బంతిని ఎత్తి వదిలితే కాసేపు తేలుతుంది, లోపలికి నీరు చేరగానే మునుగుతుంది. ఇలాంటి చాలా కుక్కలలో నాలుగో గంటకు కార్టిసాల్ తగ్గి, ఎనిమిదో గంటకు మళ్లీ లేస్తుంది. కణితి అడ్రినల్‌లోనే ఉంటే అది బంతితో సంబంధం లేని వేరే గొట్టం, బంతిని ఎంత ఎత్తినా ధార ఆగదు. కొన్ని పిట్యూటరీ కుక్కలు కూడా ఏమాత్రం తగ్గవు కనుక అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. రెండు అడ్రినల్‌లూ ఉబ్బి ఉంటే బంతి తప్పు, ఒకటి పెద్దదై రెండోది ముడుచుకుపోతే గొట్టం తప్పు.

ఇదే ట్యాంకులో బయటినుంచి బిందెలతో నీళ్లు పోస్తే ఏమవుతుంది? దురదకని నెలల తరబడి స్టెరాయిడ్ సూదులు వేయించిన ఒక పొమరేనియన్ విషయంలో అదే జరిగింది. చూడటానికి అచ్చం కుషింగ్ వ్యాధే. కానీ బంతి ఎప్పుడూ పైనే ఉండి, వాడుక లేక కుళాయి తుప్పు పట్టింది. ఏసీటీహెచ్ ఇచ్చి కుళాయిని బలవంతాన తిప్పినా ఆ గ్రంథి స్పందించలేదు. ఇటువంటి కుక్కకు సూదులు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణాపాయం. ఏ మందు ఎన్నాళ్లు వాడుతున్నారో కాగితం మీద రాసి ఇవ్వని ఆ వైద్యం మీద నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మా తరగతి గదులలో హార్మోన్లంటే గ్రంథుల పేర్ల జాబితా, ఒక వంకర బాణం. డాబా ఎక్కించి ట్యాంకు మూత తీసి చూపిస్తే పిల్లలు ఆ బాణాన్ని జన్మలో మరచిపోరు.

 

మళ్లీ ఆవిడ లాబ్రడార్ సంగతికి వద్దాం. అదుపులో లేని మధుమేహమే ఒక ఒత్తిడి కనుక, అది కార్టిసాల్‌ను పెంచి డెక్సామెథసోన్ పరీక్షను తప్పుదోవ పట్టించగలదు. అందుకని పశువైద్యురాలు తొందరపడలేదు. కీటోన్లు లేవనీ, వేరే ఇన్ఫెక్షన్ లేదనీ తేల్చుకుని, కొన్ని వారాలు ఆగిన తరువాతే పరీక్ష చేశారు. నాలుగో గంటకు దిగింది, ఎనిమిదో గంటకు లేచింది. ట్రైలోస్టేన్ మొదలుపెట్టారు. ఇది అడ్రినల్‌లో కార్టిసాల్ తయారీని ఆపే మందు, అంటే బంతిని వదిలేసి కుళాయినే బిగించడం. కార్టిసాల్ తగ్గితే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది కనుక పాత మోతాదునే కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందువల్ల ఇన్సులిన్‌ను ముందే కొంత తగ్గించారు. కుళాయి మరీ బిగిస్తే ఎదురు జబ్బు, అంటే అడిసన్ వ్యాధి లక్షణాలు వస్తాయి. అప్పుడు రక్తంలో సోడియం తగ్గి పొటాషియం పెరుగుతుంది. కుక్క తిండి మానినా, వాంతి చేసుకున్నా ఆ పూట బిళ్ల వేయకుండా వెంటనే ఫోను చేయాలని, తిండి తినని పూట ఇన్సులిన్ కూడా అడగకుండా వేయవద్దని ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించుకున్నారు.