తల్లి చినవాల్తేరులో, బిడ్డ మహారాణిపేటలో

విశాఖ నగరంలో మత్తు ఇంజెక్షన్లు పట్టుబడిన ప్రతిసారీ ఒక పాత తగాదా మళ్లీ లేస్తుంది. సూదికి అలవాటుపడిన స్త్రీ ప్రసవిస్తే బిడ్డను ఆమె దగ్గరే ఉంచాలా, శిశు సంక్షేమ కమిటీకి అప్పగించాలా? ఏజెన్సీ గంజాయి కథ విశాఖ వాసులకు కొత్తగా చెప్పనక్కర్లేదు, పైగా గంజాయి ఈ కోవలోది కాదు. ఇక్కడి మాట నల్లమందు జాతికి చెందిన నొప్పి మందుల గురించి. పెంటజోసిన్, ట్రమడాల్ వంటివి. పెంటజోసిన్ ఇంజెక్షన్లు విశాఖలో దొరకడం ఒకసారితో పోయిన ముచ్చట కాదు.

తగాదా ముడి 2018లో పడింది. ఆ ఏప్రిల్‌లో కేంద్రం ట్రమడాల్‌ను మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది. అదే ఏడాది, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది. మొదటిది అరెస్టు వార్తల పుణ్యమా అని అందరికీ గుర్తుంది. రెండోదానిలోని 21వ సెక్షన్ ఊసు ఈ చర్చల్లో వినబడదు. మద్యం, మత్తుమందుల వల్ల ఏర్పడే మానసిక స్థితులనూ ఆ చట్టం జబ్బుగానే లెక్కించింది. మానసిక వైద్యశాలలో చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయరాదంది. ఆమె వల్ల బిడ్డకు ముప్పు ఉందని వైద్యుడు భావిస్తే తాత్కాలికంగా వేరు చేయవచ్చు. అయితే ఆ నిర్ణయాన్ని 15 రోజులకోసారి తిరిగి చూడాలి, ఎడబాటు 30 రోజులు దాటితే పై ప్రాధికార సంస్థ ఆమోదం కావాలి. ఆ రోజుల్లోనూ తల్లికి బిడ్డను చూసే హక్కు ఉంటుంది.

చట్టం ఇద్దరినీ ఒకచోట ఉంచమంటుంది. మన ఆసుపత్రులేమో చెరో దిక్కున ఉన్నాయి. మానసిక వైద్యశాల చినవాల్తేరులో ఉంటే, జబ్బుపడ్డ పసికందులను చూసే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) మహారాణిపేటలో ఉంది. కాన్పులకు పేరుపడ్డ ఘోషాసుపత్రి మరోచోట. మూడూ ఆంధ్ర వైద్య కళాశాల బోధనాసుపత్రులే కావడం విశేషం.

వేరు చేయాలనే వారి భయం ఊరికే పుట్టింది కాదు. తల్లి మళ్లీ సూది పడితే బిడ్డ ఆకలి ఎవరికి వినబడుతుంది? నిజమే. కానీ ఆ వాదన, బిడ్డకు తల్లే మందు కావచ్చన్న సంగతిని లెక్కలోకి తీసుకోదు.

కడుపులో ఉండగా అందిన మందు బొడ్డు కోయగానే ఆగిపోతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో, కొన్ని మందులకైతే ఇంకా ఆలస్యంగా, కీచుమనే ఏడుపు, వణుకు, తుమ్ములు, విరేచనాలు మొదలవుతాయి. బిడ్డ పాలు సరిగా పట్టదు. ఇలాంటి పసికందులను నాలుగు నుంచి ఏడు రోజులు ఆసుపత్రిలో కనిపెట్టి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది. మామూలు కాన్పయితే మనవాళ్లు రెండు మూడు రోజులకే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి పంపేస్తారు. వాడకం సంగతి తల్లి భయంతో దాచిందా, ఆ ఏడుపును ఇంట్లో దిష్టి ఖాతాలో వేస్తారు.

అమెరికాలోని యేల్ పిల్లల ఆసుపత్రిలో జరిగింది ఇక్కడే చెప్పుకోవాలి. అక్కడ ఇలాంటి బిడ్డలకు 1970ల నాటి లక్షణాల పట్టిక చూసి మార్కులు వేసి, మార్కులు పెరిగితే మార్ఫిన్ ఇచ్చేవారు. యేల్ వైద్యులు దాన్ని మూడు ప్రశ్నలకు కుదించారు. బిడ్డ పాలు తాగుతోందా, గంటసేపు నిద్రపోతోందా, ఎత్తుకుంటే పది నిమిషాల్లో ఊరుకుంటోందా? మసక వెలుతురు, చప్పుడు లేని గది, తల్లి ఒడి, చనుబాలు. మన పురిటిగదికి ఇంతకంటే దగ్గరి వర్ణన దొరకదు. 2017లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం ఆసుపత్రి వాసం సగటున 22.4 రోజుల నుంచి 5.9 రోజులకు దిగింది. మార్ఫిన్ అవసరమైన బిడ్డలు 98 శాతం నుంచి 14 శాతానికి తగ్గారు. 2023లో 26 ఆసుపత్రుల్లో, 1,305 మంది శిశువులపై జరిగిన పరిశోధన కూడా ఈ పద్ధతివైపే మొగ్గింది. ఇదంతా తల్లి పక్కన ఉంటేనే సులువు.

తల్లి సంగతికొస్తే, గర్భిణికి మందు ఒక్కసారిగా మాన్పించడం కంటే దాని బదులు వైద్యులు ఇచ్చే మెథడోన్ లేదా బుప్రెనార్ఫిన్‌పై నిలబెట్టడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. తనంతట తాను చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేసే వ్యసనపరులకు, వాడకం, స్వల్ప పరిమాణం కేసుల్లో అది ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ మాట గర్భిణికి ఎవరైనా చెబితే కదా, ఆమె నోరు విప్పేది!

ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద నడిచే కేంద్రాల్లో బుప్రెనార్ఫిన్ ఉచితం. సాధారణంగా రోజూ వచ్చి మాత్ర నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా సిబ్బంది ఎదుట కూర్చోవాలి. సూది వాడే మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని అల్లిన ఏర్పాటిది. పచ్చి బాలింత ఒళ్లో బిడ్డతో ఆ బల్ల మీద ఎక్కడ కూర్చుంటుందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.