సముద్రపు చెత్త పాఠం: బడిలో వినిపించే అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఉన్నత పాఠశాల పిల్లలకు సైన్సు చెబుతూ ఎకో క్లబ్ పనులు కూడా చూసుకునే ఉపాధ్యాయులకు, సముద్రంలో చేరే చెత్త గురించి ఏటా ఒకసారైనా పాఠం చెప్పవలసి వస్తుంది. ఈ విషయంలో పిల్లల అపోహలను దిద్దడం పెద్ద కష్టం కాదు. వాటిని వాళ్లకు అందిస్తున్న చార్టులనూ, ఉపన్యాసాలనూ, మా ఉపాధ్యాయుల అలవాట్లనూ దిద్దడమే కష్టం.

అపోహ: మన ఊరికి సముద్రం లేదు కాబట్టి ఇది విశాఖ, బందరు పిల్లలకు చెప్పవలసిన పాఠం.

వాస్తవం: ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరి ఏలూరు, రైవస్, బందరు కాలువలు మన ఊరి మధ్య నుంచే డెల్టాలోకి సాగుతాయి. కృష్ణమ్మ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బుడమేరు నీరు కొల్లేరు చేరి, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతానికి వెళుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే, ఎండిన బురదలో సగం కూరుకుపోయిన పాలిథిన్ కవర్లు, థర్మోకోల్ ముక్కలు, పూజ సామగ్రి కట్టి విసిరిన సంచులు కనబడతాయి. (పూలు కృష్ణమ్మకు సమర్పించేవారు కవరును కూడా ఎందుకు సమర్పిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) ఖరీఫ్‌కు నీళ్లు వదలగానే వాటిలో కొన్ని గుర్రపుడెక్కలో చిక్కుకుని లాకుల దగ్గర ఆగుతాయి, మిగిలినవి దిగువకు కొట్టుకుపోతాయి. పది పెద్ద నదులే సముద్రాలను ముంచెత్తుతున్నాయని కొంతకాలం కిందటి వరకు చెప్పుకునేవారు. అయితే 2021లో వెలువడిన ఒక అంచనా ప్రకారం, నదుల ద్వారా సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో 80 శాతానికి వెయ్యికి పైగా నదులు కారణం, వాటిలో పట్టణాల మధ్య పారే చిన్న నదుల వాటా చాలా ఎక్కువ. అందుకే ఈ పాఠాన్ని తిమింగలంతో కాకుండా బడికి దగ్గరలో ఉన్న కాలువతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

అపోహ: పసిఫిక్‌లో నడవగలిగేంత గట్టి ప్లాస్టిక్ దీవి ఒకటి తేలుతోంది.

వాస్తవం: హవాయికీ కాలిఫోర్నియాకూ మధ్య చెత్త సాంద్రత ఎక్కువగా ఉన్న ప్రాంతం ఉన్న మాట నిజమే. 1997లో చార్లెస్ మూర్ అనే నావికుడు ఆ దారిన వస్తూ దానిని గమనించిన తరువాతే లోకానికి తెలిసింది. 2018 నాటి అంచనా ప్రకారం దాని విస్తీర్ణం 16 లక్షల చదరపు కిలోమీటర్లు, అందులోని చెత్త బరువులో సగానికి కాస్త తక్కువ చేపల వలలే. కానీ అది దీవి కాదు. ముక్కల్లో అత్యధికం 5 మిల్లీమీటర్లకన్నా చిన్నవి, నీటిలో చెదిరి ఉండేవి. పైగా సముద్రంలో చేరిన ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం ఉపరితలం మీద కనబడనే కనబడదు.

ఈ చివరి మాటను పిల్లలు ఊరికే నమ్మరు, నమ్మకూడదు కూడా. ఒక గాజు గ్లాసులో మామూలు నీళ్లు, మరొక దానిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీళ్లు పోసి, ఒకే నీళ్ల సీసా నుంచి తీసిన మూతనూ, సీసా గోడ నుంచి కత్తిరించిన ముక్కనూ రెండింటిలోనూ వేయించాలి. ముక్కను వేలితో పూర్తిగా ముంచి, అంటుకున్న గాలి బుడగలు పోయేలా కదిపి వదలాలి. లేకపోతే పలుచని ముక్క నీటి తలతన్యత వల్ల పైనే నిలిచి, ప్రయోగం తప్పుదారి పడుతుంది. మూత రెండు గ్లాసుల్లోనూ తేలుతుంది, ముక్క రెండింటిలోనూ అడుగుకు చేరుతుంది. మూత బిగించిన ఖాళీ సీసా మాత్రం లోపలి గాలి వల్ల తేలుతూ చాలా దూరం పోతుందనీ, చిల్లు పడి నీరు నిండాక మునుగుతుందనీ అప్పుడు పిల్లలే చెబుతారు.

అపోహ: ప్లాస్టిక్ సీసా సరిగ్గా 450 ఏళ్లకు కరిగిపోతుంది.

వాస్తవం: ప్లాస్టిక్ విరివిగా వాడుకలోకి వచ్చింది 1950 తరువాతే కాబట్టి, అన్నేళ్లు ఆగి చూసినవారెవరూ లేరు. చార్టుల్లోని ఇలాంటి అంకెల్లో చాలావాటికి గట్టి ఆధారం లేదని శాస్త్రవేత్తలే చూపించారు. ఎండకూ అలలకూ అది చిన్న చిన్న ముక్కలవుతుంది అని చెబితే చాలు.

అపోహ: బయోడీగ్రేడబుల్ అని రాసి ఉన్న సంచి అయితే పారేసినా ఫరవాలేదు.

వాస్తవం: ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అటువంటి సంచిని మూడేళ్లు సముద్రపు నీటిలో ఉంచి తీస్తే, అందులో సరుకులు మోయడానికి వీలుగానే ఉందని 2019లో ప్రకటించారు.

అపోహ: ప్యాకెట్‌ను చెత్తబుట్టలో వేస్తే మన బాధ్యత తీరినట్లే.

వాస్తవం: బుట్టలో వేయడం తప్పనిసరే. అయితే చిప్స్ ప్యాకెట్టు, షాంపూ ప్యాకెట్టు వంటివి వేర్వేరు పొరలను అతికించి చేసినవి కావడం వల్ల పాత సామాన్లవాళ్లు వాటిని సాధారణంగా తీసుకోరు. 2022 జులై 1 నుంచి దేశమంతటా అమలైన నిషేధపు జాబితాలో స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, పళ్లాలు ఉన్నాయి గాని ఈ ప్యాకెట్లు లేవు. ఇంటర్వెల్ అయ్యాక బడి ఆవరణలో నేల మీద చూడండి. ప్యాకెట్లు బుట్టలోకి చేరినా, పళ్లతో చింపిన మూల ముక్కలు మట్టిలోనే ఉంటాయి. చీపురుకు కూడా అందని ఆ ముక్కలు తొలి వానకే మురుగు కాలువలోకి దిగుతాయి. మూలను పూర్తిగా ఊడదీయకుండా చింపడం నేర్పితే ఆరో తరగతి పిల్లలు ఆ రోజు నుంచే పాటిస్తారు.

అపోహ: సూర్యలంకకు బస్సులో తీసుకెళ్లి తీరం శుభ్రం చేయిస్తే పిల్లలకు అవగాహన వచ్చేస్తుంది.

వాస్తవం: ఏరడం మంచిదే, కానీ ఏరినదానిని లెక్కపెట్టకపోతే అది విహారయాత్ర అవుతుంది. దానికన్నా బడి గోడ వెంబడి వంద మీటర్లు కొలిచి, చేతికి తొడుగులు వేయించి, సూదులూ గాజుపెంకులూ ముట్టవద్దని హెచ్చరించి, దొరికిన ప్రతి వస్తువునూ పట్టికలో రాయించడం మేలు. నీళ్లున్న కాలువ గట్టుకు మాత్రం తీసుకెళ్లవద్దు. పట్టికలో మొదటి స్థానం దేనిదో తేలాక, అది బడి గేటు ఎదుటి దుకాణంలో దొరికేదే అయితే, పిల్లలే వెళ్లి ఆ దుకాణదారునితో మాట్లాడాలి. విడిగా సీసాల్లో పోసి అమ్మే వేరుశనగ చిక్కీ, మరమరాల ఉండలు ముందు వరుసలో పెట్టమని అడగవచ్చు. సంక్రాంతి సెలవుల తరువాత అదే వంద మీటర్లలో, అదే పట్టికతో మళ్లీ లెక్కించాలి.